వాము నూనె, పుదీనా నూనె, ఒరెగానో డ్రాప్స్: కడుపులో యాసిడ్‌కి ఇవి నిజంగా పోతాయా?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్తా. కూకట్‌పల్లి నుంచి ఒకాయన అడిగారు. వాళ్ళ అమ్మగారికి ఐబీఎస్ (పేగులు పట్టేసి తరచూ కడుపునొప్పి వచ్చే సమస్య), డాక్టర్ కోటింగ్ ఉన్న పుదీనా నూనె క్యాప్సుల్స్ రాశారు, ఈసారి షాపులో అవి లేవని మామూలు మెత్తటి జెల్ క్యాప్సుల్స్ ఇచ్చారు, వేసుకున్న అరగంటకే పుదీనా తేన్పులు, ఛాతిలో మంట. రెండూ ఒకటేనా అని మొదటి డౌట్. ఇంకోపక్క వాళ్ళ బావమరిది ఒరెగానో ఆయిల్ డ్రాప్స్ అమ్ముతున్నాడు, "మామూలు నూనెలన్నీ కడుపులో యాసిడ్‌కి చచ్చిపోతాయి బావా, మాది నానో, డైరెక్ట్‌గా పేగుల్లోకి పోతుంది" అంటున్నాడంట. మరి మనం ఇంట్లో నమిలే వాము సంగతేంటి, అది కూడా వేస్టేనా అని మూడో డౌట్.

సూటిగా చెప్పాలంటే యాసిడ్‌కి చాలావరకు పోవు. వాములోని థైమోల్, ఒరెగానోలోని కార్వక్రోల్, లవంగంలోని యూజెనాల్, పుదీనాలోని మెంథాల్, సోంపులోని అనెథోల్, ఇవన్నీ కడుపులో రెండు మూడు గంటలు కూర్చున్నా దాదాపు ఎట్లా వెళ్ళినవి అట్లానే ఉంటాయి. అసలు ఇబ్బంది దీనికి ఉల్టా. అవి చెడిపోవడం కాదు, మరీ తొందరగా రక్తంలోకి వెళ్ళిపోవడం. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌కి టికెట్ తీసుకున్నవాడు అమీర్‌పేటలోనే దిగిపోయినట్టు, కడుపు, చిన్నపేగు మొదటి భాగం దాటేలోపే ఎక్కువ శాతం గోడల్లోంచి లోపలికి పోతుంది, కింద పేగుకి మిగిలేది చాలా కొంచెం. కాబట్టి అమ్మగారి రెండు రకాల క్యాప్సుల్స్ ఒకటి కావు, బావమరిది చెప్పే కారణం తప్పు, వాము వేస్టు కాదు. ఇంక మిగతాదంతా వివరం.

నా సంగతి కూడా చెప్పేస్తా, నేను డాక్టర్‌ని కాను. చర్లపల్లి వైపు ఒక ల్యాబ్‌లో ఫ్లేవర్లు, ఫీడ్ అడిటివ్‌లు, మూలికల నూనెలు జీసీ మిషన్ (నూనెలో ఉన్న పదార్థాల్ని విడదీసి కొలిచేది) మీద రన్ చేయడం నా పని, చాలా ఏళ్ళుగా ఇదే. కాబట్టి నూనెలో ఏముంది, ఎంత మిగిలింది అనే విషయంలో గట్టిగా మాట్లాడతా, అమ్మగారి మందు మార్చాలా వద్దా అనేది మాత్రం వాళ్ళ డాక్టరే చెప్పాలి.

యాసిడ్ ఎందుకు ఏం చేయలేదు

మనం అరగడం అంటే యాసిడ్ అన్నిటినీ కరిగించేస్తుంది అనుకుంటాం. అరుగుదలలో నిజంగా కోసే పని చేసేవి ఎంజైములు, వాటికి కోయడానికి ఒక అతుకు కావాలి. పెప్సిన్, ట్రిప్సిన్ ప్రొటీన్ అతుకుని కోస్తాయి, అమైలేజ్ పిండిపదార్థాన్ని కోస్తుంది, లైపేజ్ కొవ్వులో ఉండే ఎస్టర్ అతుకుని కోస్తుంది. థైమోల్‌లో ఈ మూడింటిలో ఏదీ లేదు. చిన్న అణువు, అణుభారం 150, అంతా కలిపి పది కార్బన్‌లు. యూజెనాల్ 164, మెంథాల్ 156. ఆల్రెడీ అంత చిన్నగా ఉన్నదాన్ని ఇంకా కోసేదేముంది. మన కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పీహెచ్ సుమారు ఒకటిన్నర నుంచి మూడు మధ్య ఉంటుంది, అన్నం తిన్నాక నాలుగు, ఐదు దాకా కూడా లేస్తుంది, ఆ యాసిడ్‌కి, 37 డిగ్రీల వేడికి థైమోల్ లాంటి ఫినాల్ (బెంజీన్ వలయానికి ఓహెచ్ గుంపు అతుక్కున్న పదార్థం) చలించదు.

కానీ అన్ని నూనెలూ ఇట్లా కాదు. ఇక్కడే చాలామంది అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. నూనె పేరు చూడొద్దు, అందులో ఉన్న అణువు చూడాలి.

ధనియాలు తీసుకోండి, దాని నూనెలో ఎక్కువ భాగం లినలూల్. ఇది గట్టి యాసిడ్‌లో నిలబడదు, దాంట్లోంచి నీటి అణువు ఊడి, మళ్ళీ తగులుకుని, ఆకారం మారి టెర్పినియోల్, జెరానియోల్, నెరోల్‌గా మారుతుంది. లావెండర్‌లో ఉండే లినలైల్ ఎసిటేట్ అయితే ఇంకా వీక్, ఎస్టర్ కాబట్టి కడుపు రసంలో నిమిషాల్లోనే విరగడం మొదలుపెడుతుంది. మన ఇరానీ చాయ్‌లో, బిర్యానీలో పడే యాలకుల నూనెలో రెండు ముఖ్యమైనవి ఉంటాయి, సినియోల్ ఒకటి, టెర్పినైల్ ఎసిటేట్ ఒకటి. సినియోల్ గట్టిది, రెండోది ఎస్టర్. అంటే ఒకే యాలక్కాయలో ఒకటి నిలబడుతుంది, ఇంకోటి మెల్లగా విరుగుతుంది. నిమ్మగడ్డి నూనెలో సింహభాగం సిట్రాల్, దానికి యాసిడ్ అంటే అస్సలు పడదు, నిమ్మ ఫ్లేవర్ కూల్‌డ్రింక్ ఎండలో ఎక్కువ రోజులు ఉంటే ఒక రకమైన మందు వాసన వస్తుంది చూడండి, అది సిట్రాల్ పుల్లటి నీళ్ళలో మారిపోవడమే. కడుపులో అన్ని రోజులు ఉండదు కాబట్టి మొత్తం పోదు, కానీ మొదలైతే అవుతుంది.

దాల్చిన చెక్క కథ వేరు. సిన్నమాల్డిహైడ్ యాసిడ్‌కి భయపడదు, ప్రొటీన్‌కి దొరికిపోతుంది. ఆల్డిహైడ్ కాబట్టి ప్రొటీన్‌లోని అమైన్, థయోల్ గుంపులకి అతుక్కుంటుంది, మిగిలింది లోపలికి వెళ్ళగానే ఆక్సీకరణ అయ్యి సిన్నమిక్ యాసిడ్, దాని నుంచి బెంజోయిక్ యాసిడ్, చివరికి హిప్పూరిక్ యాసిడ్‌గా మూత్రంలో బయటికి. పాలల్లో దాల్చిన చెక్క పొడి కలుపుకుని తాగేవాళ్ళు ఆ నూనె అట్లానే పేగు చివరిదాకా పోతుంది అనుకుంటే అది జరిగే పని కాదు.

వెల్లుల్లి గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఒక్క మాట. దంచినప్పుడు అల్లిసిన్‌ని తయారుచేసే ఎంజైమ్‌ని కడుపు యాసిడ్ ఆపేస్తుంది, కాబట్టి రెబ్బ నమలకుండా గుటుక్కున మింగితే అల్లిసిన్ పెద్దగా తయారవదు. తయారైన అల్లిసిన్ కూడా అట్లానే రక్తంలో కనబడదు, విరిగిపోయి వేరే గంధక పదార్థాలు అవుతుంది, గంటల తర్వాత కూడా నోటినుంచి వాసన వచ్చేది అందులో ఒకటి, అది పళ్ళ సందుల్లోంచి కాదు ఊపిరితిత్తుల్లోంచి వస్తుంది. బ్రష్ చేసినా పోదు అందుకే.

"సగానికి పైగా పోయింది" అనే రిపోర్టుల గురించి

ఇది నా ఏరియా, కొంచెం ఎక్కువ రాస్తా, బోర్ కొడితే కిందికి వెళ్ళండి.

సేల్స్ వాళ్ళు చూపించే స్లైడ్‌లో ఒక బార్ గ్రాఫ్ ఉంటుంది, కోటింగ్ లేని నూనె కడుపు దశలో సగానికి సగం మాయం, వాళ్ళ ప్రొడక్ట్ మాత్రం భద్రం. ఈ టెస్ట్ ఎట్లా చేస్తారంటే, ఇన్ఫోజెస్ట్ అని ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది, 2014లో వచ్చింది, 2019లో సరిచేశారు. నోటి దశ రెండు నిమిషాలు పీహెచ్ 7లో, కడుపు దశ పీహెచ్ 3లో పెప్సిన్‌తో రెండు గంటలు, పేగు దశ పీహెచ్ 7లో ప్యాంక్రియాటిన్, పైత్య లవణాలతో ఇంకో రెండు గంటలు, అంతా 37 డిగ్రీల దగ్గర కలుపుతూ. పద్ధతి మంచిదే, కానీ అది అన్నం, పాలు, మాంసం లాంటి వాటిని మనసులో పెట్టుకుని రాసింది. ఎగిరిపోయే నూనెని మూత లేని బీకర్‌లో పెట్టి 37 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు తిప్పితే ఏమవుతుంది? ల్యాబ్ అంతా వాసన వస్తుంది. ఆ వాసనే మీ "అరిగిపోయిన" నూనె!

లిమోనీన్, పైనీన్ లాంటి తేలికైన వాటికి ఇది మరీ ఘోరం. లిమోనీన్ నీళ్ళలో లీటరుకి పది పదిహేను మిల్లీగ్రాములు కూడా సరిగ్గా కరగదు, పైకి తేలుతుంది, తేలింది గాలిలోకి పోతుంది. థైమోల్ లీటరుకి దాదాపు ఒక గ్రాము దాకా కరుగుతుంది కాబట్టి అంత తొందరగా పోదు. ఇంకో దొంగ ప్లాస్టిక్. ప్లాస్టిక్ ట్యూబ్‌లో చేస్తే గోడలకి నూనె పట్టేస్తుంది, బయటికి తీసి కొలిస్తే తక్కువ వస్తుంది, రిపోర్ట్‌లో మాత్రం "డిగ్రడేషన్" అని పడుతుంది.

అందుకే మా దగ్గరికి ఇట్లాంటి శాంపిల్ వస్తే నేను ముందు అడిగేది: సీల్ చేసిన గాజు వయల్‌లో చేశారా, పైన గాలిని కూడా కొలిచారా, పోల్చడానికి ఎంజైములు లేకుండా ఉత్త బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) ఒక బ్లాంక్ నడిపారా, కొత్తగా ఏర్పడిన పదార్థం ఏంటో జీసీలో చూపించారా. నాలుగోది చాలా ముఖ్యం. నిజంగా యాసిడ్‌కి మారితే దాని బదులు ఇంకో పీక్ (జీసీ గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి లేచే శిఖరం) రావాలి. లినలూల్ తగ్గి టెర్పినియోల్ పెరిగితే సరే, ఒప్పుకుంటా, అది మారడమే. థైమోల్ పీక్ తగ్గి దాని చుట్టుపక్కల కొత్తది ఏమీ లేకపోతే అది అరగలేదు, ఎక్కడికో పోయింది, అంతే. మూత పెట్టి మళ్ళీ నడిపితే థైమోల్ దాదాపు అంతా తిరిగొస్తుంది, నేను చూసినవాటిలో ఇదే ఎక్కువ. అప్పుడు క్లయింట్ మొహం చూడాలి, ఆ గ్రాఫ్ మీద ఆల్రెడీ బ్రోచర్ ప్రింట్ అయిపోయి ఉంటుంది.

మరి ఎక్కడికి పోతుంది

శరీరంలోకి. ఇంత చిన్నగా, కొవ్వులో ఇష్టంగా కరిగే అణువులకి పేగు గోడ పెద్ద అడ్డమేమీ కాదు, ఏ ట్రాన్స్‌పోర్టరూ అక్కర్లేకుండా దూరిపోతాయి. 2008లో బెల్జియం వాళ్ళు పందిపిల్లలకి థైమోల్, కార్వక్రోల్, యూజెనాల్, సిన్నమాల్డిహైడ్ ఏ కోటింగ్ లేకుండా నోటి ద్వారా ఇచ్చి పేగు ముక్కలు ముక్కలుగా కొలిచారు. దాదాపు అంతా కడుపులో, చిన్నపేగు మొదటి భాగంలోనే పీల్చుకోబడింది, రక్తంలో రెండు గంటల లోపే గరిష్ఠానికి చేరింది. పంది పేగు మన పేగుకి బాగా దగ్గర కాబట్టి ఈ లెక్క మనకీ పనికొస్తుంది.

మనుషుల మీద కూడా ఉంది. 1990లో వచ్చిన ఒక పేపర్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 150 మిల్లీగ్రాముల యూజెనాల్ ఇచ్చారు, 24 గంటల్లో దాదాపు 95 శాతం మూత్రంలో దొరికింది, అంటే లోపలికి పోలేదు, నాశనమైంది అనే మాటకి చోటే లేదు. కానీ అసలు రూపంలో ఉన్న యూజెనాల్ ఎంత దొరికిందో తెలుసా? 0.1 శాతం కన్నా తక్కువ. మిగతాదంతా సల్ఫేట్, గ్లూకురోనైడ్ లాంటి తోకలు తగిలించుకుని వచ్చింది. 2002లో థైమోల్‌తో కూడా ఇదే కథ, 1.08 మిల్లీగ్రాముల థైమోల్ ఉన్న మాత్ర ఇస్తే రక్తంలో విడిగా థైమోల్ అసలు కనబడలేదు, థైమోల్ సల్ఫేట్ మాత్రమే కనబడింది, అది కూడా రెండు గంటల దగ్గర గరిష్ఠానికి వచ్చింది.

అంటే నిజంగా ఈ నూనెల్ని మార్చేది కడుపు కాదు, పేగు గోడ, లివర్. ఫినాల్‌కి ఉండే ఓహెచ్ గుంపు మీదే వాటి క్రిములు చంపే పవర్ చాలావరకు ఆధారపడి ఉంటుంది, లివర్ సరిగ్గా అక్కడే సల్ఫేట్ తగిలిస్తుంది, నీళ్ళలో కరిగేలా చేసి కిడ్నీకి పంపిస్తుంది. కాబట్టి "ఒరెగానో ఆయిల్ తాగితే రక్తంలోని ఇన్‌ఫెక్షన్ పోతుంది" అనేవాళ్ళకి నా సమాధానం ఇదే, రక్తంలో తిరిగేది మీరు ప్లేట్ మీద బాక్టీరియాని చంపిన ఆ పదార్థం కాదు.

మధ్యలో ఒక మాట, పిల్లులున్న ఇళ్ళలో ఈ నూనెలు జాగ్రత్త. పిల్లి లివర్‌కి ఫినాల్స్‌కి గ్లూకురోనైడ్ తగిలించే శక్తి చాలా తక్కువ, మనకి ఏం గాని మోతాదు దానికి విషం.

అమ్మగారి క్యాప్సుల్ సంగతి

ఐబీఎస్‌లో పుదీనా నూనె పని రక్తంలో కాదు, పేగు కండరం మీద. మెంథాల్ ఆ కండరంలోకి కాల్షియం పోకుండా ఆపి పట్టేసిన పేగుని వదులు చేస్తుంది. ఇదే పని అన్నవాహిక కింద ఉండే వాల్వు దగ్గర జరిగితే ఆ వాల్వు కూడా వదులవుతుంది, యాసిడ్ పైకి వస్తుంది. మెత్తటి జెల్ క్యాప్సుల్ కడుపులో కొన్ని నిమిషాల్లోనే పగులుతుంది, నూనె పైకి తేలుతుంది, తేన్పు, మంట. మీరు చెప్పిన లక్షణం అచ్చం ఇదే. అంటే కోటింగ్ ఉన్నది నూనెని యాసిడ్ నుంచి కాపాడటానికి కాదు, కడుపుని, అన్నవాహికని నూనె నుంచి కాపాడటానికి, పని చేయాల్సిన చోట వదలడానికి. ఈ ఒక్క తేడా తెలిస్తే మీ మొదటి ప్రశ్న అయిపోయినట్టే.

ఎంటరిక్ కోటింగ్ అంటే పీహెచ్ చూసి కరిగే పాలిమర్. కొన్ని రకాలు పీహెచ్ 5.5 దాటాక కరుగుతాయి, కొన్ని 6 దాటాక, కొన్ని 7 దాటాక. ఇక్కడ మన ఇళ్ళల్లో జరిగే పొరపాటు, పొద్దున్నే పరగడుపున పాంటాప్రజోల్ వేసుకుంటారు, లేదా గ్యాస్ అని యాంటాసిడ్ తాగుతారు, దాని మీదే ఈ క్యాప్సుల్ వేసుకుంటారు. కడుపులో యాసిడ్ తగ్గి పీహెచ్ పెరిగితే కోటింగ్ అదే పేగు అనుకుని కడుపులోనే కరిగిపోతుంది, ఇక కోటింగ్‌కి పెట్టిన డబ్బులు దండగ. అమ్మగారు అలాంటి మాత్రలు వేసుకుంటుంటే డాక్టర్‌కి చెప్పి ఎంత గ్యాప్ ఇవ్వాలో అడగండి. ఇంకోటి, నమలొద్దు, సగానికి కోయొద్దు, మామూలుగా భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు, తిన్న వెంటనే వేసుకుంటే అన్నంతోపాటు కడుపులోనే చాలాసేపు ఉండిపోతుంది.

కోటింగ్ ఉందో లేదో ఇంట్లో సుమారుగా చూడొచ్చు. మందుల టెస్టింగ్‌లో 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో రెండు గంటలు పెడతారు, పగలకూడదు, తర్వాత పీహెచ్ 6.8 బఫర్‌లో వేస్తారు, తెరుచుకోవాలి. ఇంట్లో అయితే ఒక గాజు గ్లాసులో తెల్ల వెనిగర్ పోసి క్యాప్సుల్ వేయండి, అప్పుడప్పుడు కదపండి. మామూలు జెల్ క్యాప్సుల్ అయితే మెత్తబడి ఉబ్బుతుంది, కాసేపటికి పైన నూనె చుక్కలు, రూమంతా పుదీనా. కోటింగ్ ఉన్నదైతే రెండు గంటలైనా గట్టిగా, షేపు మారకుండా ఉండాలి. తీసి కడిగి, గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా కలిపి అందులో వేస్తే అప్పుడు పై పొర జారిపోవడం కనబడుతుంది. ఇది ల్యాబ్ టెస్ట్ కాదు, కానీ షాపువాడు "రెండూ సేమ్ సార్" అన్నప్పుడు ఎవరు కరెక్టో తేల్చుకోవడానికి సరిపోతుంది.

మరి ఇంకా కిందికి, పెద్దపేగు దాకా వెళ్ళి వదిలేది ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో దాన్నే పరీక్షించారు, 2020లో ఫలితాలు వచ్చాయి, 190 మంది దాకా ఐబీఎస్ పేషెంట్లు, 182 మిల్లీగ్రాముల పుదీనా నూనె, ఒక గ్రూపుకి చిన్నపేగులో వదిలేది, ఒక గ్రూపుకి చిన్నపేగు చివర, పెద్దపేగులో వదిలేది, ఒక గ్రూపుకి నూనె లేని ఉత్త క్యాప్సుల్. ముందుగా పెట్టుకున్న ప్రధాన లక్ష్యాన్ని రెండూ అందుకోలేదు, కానీ కడుపునొప్పి లాంటి మిగతా కొలతల్లో చిన్నపేగులో వదిలేది కొంచెం బాగా చేసింది, కిందిదాకా వెళ్ళింది ఏమీ చేయలేదు. కాబట్టి "మాది డైరెక్ట్‌గా కోలన్‌కి వెళుతుంది" అనే లేబుల్ చూసి ఎక్కువ డబ్బులు పెట్టకండి.

కోళ్ళ షెడ్డు వాళ్ళకి

కింద కామెంట్లలో ఒకరిద్దరు షాద్‌నగర్ వైపు కోళ్ళ ఫారం వాళ్ళు కూడా ఇదే ప్రశ్న వేశారు కాబట్టి వాళ్ళకీ కొంచెం. ఐరోపాలో 2006 జనవరి 1 నుంచి మేతలో గ్రోత్ కోసం యాంటీబయాటిక్ కలపడం ఆపేశారు, మన దేశంలో 2019లో పశువులకి, కోళ్ళకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ నిషేధించారు, అప్పటినుంచి ఈ థైమోల్, కార్వక్రోల్ పౌడర్ల వ్యాపారం బాగా పెరిగింది. కోడికి చాలా పేగు రోగాలు తగిలేది పేగు మధ్యలో, కింది భాగంలో, నూనె పోయేది పైభాగంలో. కందనకాయ దాటేసరికే చాలా పని అయిపోతుంది. కాబట్టి ఇక్కడ కోటింగ్ నిజంగా అవసరమే, కానీ కారణం మళ్ళీ అదే, యాసిడ్ కాదు, ఆలస్యం చేయడం కోసం.

ఎక్కువమంది వాడేది గట్టి వనస్పతి కొవ్వులో నూనెని కలిపి గుండ్రటి గింజలుగా చేసినది, పేగులో లైపేజ్ ఆ కొవ్వుని అరిగిస్తూ పోతే నూనె మెల్లగా వదులుతుంది. ఐడియా బాగుంది. కానీ ఆ కొవ్వు కరిగే వేడి 60 డిగ్రీల చుట్టుపక్కల, మీ పెల్లెట్ మిల్‌లో ఆవిరి దగ్గర మేత 75, 80 దాటుతుంది. అక్కడే కరిగితే ఇక పేగుదాకా ఏం వెళుతుంది? మాష్ మేత వాడేవాళ్ళకి ఈ గొడవ లేదు. పెల్లెట్ వాడేవాళ్ళు సప్లయర్‌ని ఒకటే అడగండి, పెల్లెట్ అయ్యాక ఎంత మిగిలింది, రిపోర్ట్ చూపించు అని.

ఇంకో చిన్న పరీక్ష ముక్కుతోనే. బస్తా విప్పగానే కళ్ళు మండేంత వాసన వస్తే ఆ నూనె గింజ లోపల లేదు, బయట ఉంది. ఒక సప్లయర్ బస్తా ఇట్లానే వచ్చింది మా దగ్గరికి, హెక్సేన్‌తో (నూనెని కరిగించే ద్రవం) ఊరికే పైపైన కడిగితేనే నూనెలో సగానికిపైగా వచ్చేసింది. లేబుల్ మీద మాత్రం పెద్ద అక్షరాలతో మైక్రోఎన్‌క్యాప్సులేటెడ్ అని!

టన్నుకి వంద గ్రాముల లెక్కన వేస్తే మేతలో వంద పీపీఎమ్ (పది లక్షల వంతుల్లో వంద). ప్లేట్ మీద ఈ.కోలిని ఆపడానికి కార్వక్రోల్ కొన్ని వందల పీపీఎమ్ కావాలి, అది కూడా కొవ్వు, ప్రొటీన్ అడ్డం లేనప్పుడు. కాబట్టి క్రిముల్ని నేరుగా చంపి పనిచేస్తుంది అనే మాట నేను పూర్తిగా నమ్మను. పేగు గోడలో ఉండే ట్రిప్ (TRP) రకం రిసెప్టర్లని, అంటే చల్లదనం, మంట లాంటివి పసిగట్టే ప్రొటీన్లని తట్టి, అరుగుదల రసాలు, పేగు కదలికల్ని మార్చడం ద్వారా కొంత పని జరుగుతుందని నా అభిప్రాయం. మెంథాల్ చల్లగా, మిరపకాయ మంటగా ఎందుకు అనిపిస్తాయో తేల్చింది ఈ రిసెప్టర్ల కుటుంబం మీద పనే, 2021 నోబెల్ ఇందులోనిదే. వీటిని కదిలించడానికి పేగు చివరిదాకా పోవాల్సిన పని కూడా లేదు.

ఇక మన వాము

ఇది నాకిష్టమైన భాగం. ఒక టీస్పూన్ వాము సుమారు రెండు గ్రాములు. నూనె మూడు శాతం అనుకుందాం, అంటే 60 మిల్లీగ్రాములు, అందులో సగం థైమోల్ అనుకుంటే 30 మిల్లీగ్రాములు. పైన చెప్పిన 2002 పరీక్షలో ఇచ్చింది ఒక్క మిల్లీగ్రాము చిల్లర. కాబట్టి వాము చిన్న డోసు కాదు.

కానీ ఎట్లా తింటామనేది చాలా ముఖ్యం. వాము, జీలకర్ర, సోంపు, ధనియాలు అన్నీ ఒకే కుటుంబం, వీటి నూనె గింజ పై తొక్కలో సన్నటి గొట్టాల్లాంటి కాలువల్లో ఉంటుంది. నమిలితే ఆ కాలువలు పగిలి నూనె నోట్లోనే బయటికొస్తుంది, నాలుక మండేది అందుకే. నమలకుండా నీళ్ళతో మింగితే కొంత గింజలోనే ఉండిపోయి కింది దాకా మెల్లగా పోతుంది. అంటే ఏ కంపెనీ కోటింగ్ లేకుండానే గింజే ఒక కోటింగ్. పొట్ట ఉబ్బరానికి, తేన్పు రావడానికి అయితే నమిలి తినడమే నయం, పని కడుపు దగ్గరే కావాలి కాబట్టి. ఓమ వాటర్ కూడా అదే కోవ, నీళ్ళలో కరిగినంత థైమోల్ మాత్రమే అందులో ఉంటుంది, తొందరగా పని చేసి తొందరగా పోతుంది.

పోపులో వేసినది మాత్రం వేరే లెక్క. కాగిన నూనెలో జీలకర్ర చిటపటమంటే వీధి చివరిదాకా వచ్చే ఆ వాసనంతా మీ కడుపులోకి వెళ్ళకుండా తప్పించుకున్న నూనే. మిగిలింది వంట నూనెలో కరిగి ఉంటుంది, కొవ్వుతో కలిసి వెళ్ళింది కాబట్టి కడుపులోంచి మెల్లగా కదులుతుంది, పైత్యరసం దాన్ని సన్నటి బొట్లుగా చేసి గోడ దాకా తీసుకెళుతుంది.

ఒక హెచ్చరిక, ఇది సీరియస్. ఇవి తొందరగా పీల్చుకోబడతాయి అన్నాను కదా, పిల్లల విషయంలో అదే ప్రమాదం. నీలగిరి తైలం, కర్పూరం, వాము పువ్వు, పుదీనా పువ్వు కలిపిన మందు సీసాలు హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది, పెద్దవాళ్ళు చాయ్‌లో ఒక చుక్క వేసుకుంటారు, అది వేరే సంగతి. చిన్నపిల్లాడు సీసా ఎత్తి కొన్ని మిల్లీలీటర్ల నీలగిరి తైలమో, కర్పూరం నూనెనో తాగితే నిమిషాల్లోనే మత్తు, ఫిట్స్ దాకా పోవచ్చు. వాంతి చేయించొద్దు, ఆగి చూద్దాం అనుకోవద్దు, సీసా చేతిలో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి పరిగెత్తండి.

చివరిగా బావమరిది డ్రాప్స్. నానో ఎమల్షన్ అంటే నూనెని మరీ సన్నటి బొట్లుగా చేసి నీళ్ళలో కలవనిచ్చేది, బొట్టు సన్నగా అయ్యేకొద్దీ గోడకి తగిలే జాగా పెరుగుతుంది, ఇంకా తొందరగా, ఇంకా పైభాగంలోనే పీల్చుకోబడుతుంది. అంటే ఆయన చెప్పేదానికి సరిగ్గా వ్యతిరేకం, పేగు కిందిదాకా వెళ్ళే ఛాన్సు ఇంకా తగ్గుతుంది. పైగా ద్రవంగా ఉన్న చుక్కకి యాసిడ్‌కి ఆగే పొర ఉందంటే ఆ పొర ఏ పదార్థంతో చేశారు, ఏ పీహెచ్‌లో తెరుచుకుంటుంది అని అడగండి, జవాబు రాదు. వేరే నూనెలో కలిపి పల్చన చేయని ఒరెగానో నూనె నేరుగా నాలుక మీద వేసుకుంటే నోరు, గొంతు పొక్కుతాయి, అది మాత్రం గ్యారంటీ. ఇంట్లోవాళ్ళ మొహమాటానికి ఒక సీసా తీసుకోక తప్పకపోతే లేబుల్ మీద కార్వక్రోల్ శాతం, బ్యాచ్ నంబరు, ఏ నూనెలో కలిపారు అనే మూడూ ఉన్నాయా చూడండి. మూడూ లేకపోతే డబ్బులు ఇచ్చి సీసా వాళ్ళింట్లోనే వదిలేసి రండి.